అంకణం లెక్క

రేణిగుంట రోడ్డు హోటల్లో, చలిపెట్టే హాల్లో
కోటు సారు మైకు పట్టుకుని అడిగినాడు:
"ఎంతమందికి కోటీశ్వరులు కావాలనుంది?"
అందరితో పాటు నేనూ చెయ్యెత్తినా.
పొద్దున్నించీ కళ్యాణకట్టలో
నలభై మూడు తలలు గొరిగొచ్చిన చెయ్యి,
ఇంకా తడి జుట్టు వాసనేస్తా ఉంది.

ఫ్రీ క్లాసన్నారు. సమోసా కూడా పెట్టినారు.
అది మింగేలోగా తెర మీద అంకె పడింది:
ఎనభై తొమ్మిది వేల తొమ్మిదొందల తొంభై తొమ్మిది.
ఈ రాత్రికి మాత్రం సగం.
"ఆలోచించేవాడు అద్దింట్లోనే చస్తాడు" అన్నాడు సారు,
తెల్లకారు పక్కన తానే నిలబడిన ఫొటో చూపిస్తా.
పక్క కుర్చీలో ఆటో నడిపే చెంగల్రాయుడు
కమ్మలు ఏ డబ్బాలో ఉన్నాయని
ఫోన్లో పెళ్లాన్ని అడుగుతా ఉన్నాడు, గొంతు తగ్గించి.

నాకా మాట తీరు ఎరికే.
తల వంచమనే ముందు
మేమూ ఇట్టాగే మెత్తగా మాట్లాడతాం,
నెత్తిన నీళ్లు చల్లి.
కాకపోతే మా దగ్గర గుండు ఉచితం.

లేచి వచ్చేసినా.
చెంగల్రాయుణ్ణి లేపలేకపోయినా.

మర్నాడు డ్యూటీ దిగి
చంద్రగిరి రిజిస్ట్రారాఫీసు ముందర రేకుల కింద కూర్చున్నా.
దస్తావేజులు రాసే దొరవేలన్న
ఫీజడగలా, బెల్లం టీ అడిగినాడు.
"గజాలు మర్చిపో వళ్లెమ్మా,
మన నేల అంకణాల్లో మాట్లాడతాది.
అంకణమంటే ముప్పై ఆరు అడుగులు.
నీ మంచమేస్తే ఎంత మిగులుతాదో చెప్పు చూద్దాం."

ఏడు వారాలు. ఎనిమిదేమో కూడా.
ఈసీని వెనకనించి ముందుకు చదవడం వచ్చింది,
ఏ చేతినించి ఏ చేతికి పోయిందో,
యాడ ఒక చెల్లెలి సంతకం తప్పిపోయిందో.
డీకేటీ పట్టా అన్నప్పుడు
బ్రోకరు దగ్గే దగ్గులో
ఎంత అబద్ధముందో వినడం వచ్చింది.
దామినేడు దగ్గర లేఅవుట్లో
రంగు జెండాల మధ్య మేకలు కాసే మునికుప్పమ్మ
నన్ను చూసి ఒకటే నవ్వు:
"వానొస్తే ఇది వంక, తల్లీ.
చేపలకు అమ్ముతాండారా?"
ఆ నవ్వుకు ఎవురికి ఎంత కట్టాల?

బస్సు ఛార్జీలు, టీలు, ఈసీ రుసుము, గళ్ల నోటుబుక్కు,
అంతా కలిపి వెయ్యి దాటలా.
చెప్పు తెగింది, అది వేరే.

ఇంకా కొనలేదు.
పాకాల దారిలో ఇరవై అంకణాలు చూసినా.
పాత దస్తావేజులో ఉత్తరం హద్దు: గంగన్న చింతచెట్టు.
నేల మీద చెట్టు లేదు.
కంచె మాత్రం రెండడుగులు నడిచినట్టుంది.
"చెట్టు పోతే హద్దు యాడికి పోతాదన్నా?"
దొరవేలన్న పెన్నుకు మూత పెట్టి
"వేరు యాడికీ పోదు కదా, తవ్వు" అన్నాడు.

ఫోను మోగతాంది. ఆఖరి మూడు సీట్లంట.
ఆదివారం గడ్డపార తీసుకుని పోతాండా,
చెంగల్రాయుడి ఆటోలోనే.
ఆయన కమ్మల మాట ఎత్తలేదు.
నేనూ అడగలా.