ఎడమ పక్క సొట్ట

పగలు నేను పళ్లు గీస్తాను.
ఓస్ట్రావాలో, స్టేషను వెనక సందులో, ఒక దంతాల ల్యాబులో
ఎవరెవరి దవడలో తెర మీద తిప్పి తిప్పి చూసి
నమలడానికి వీలుగా నాలుగు గుట్టలూ ఒక లోయా చెక్కుతాను.
రాత్రి అదే చెయ్యి, అదే మౌసు,
ట్రాము గీస్తాను.

అరవై మూడో నంబరు బండి. ఇప్పుడు లేదు,
తుక్కు కింద తూచి అమ్మేశారు.
మిగిలినవి పదకొండు ఫోటోలు,
డిపో గుమాస్తా పెన్సిలుతో వేసిన కొలతల కాగితం ఒకటి,
దాని మీద టీ కప్పు మరక.
చక్రాల మధ్య దూరం సరిగ్గా ఆ మరక కిందే ఉంది.
మూడో ఎనిమిదో తేలక
నాలుగు రాత్రులు దీపం కింద పెట్టి చూసి
మూడే అనుకున్నాను.

ఎనభై ఏడింట ఒక వంతు.
పది మీటర్ల బండి జానెడులో సగానికి దిగింది.
కిటికీల మధ్య కమ్మీ మిల్లీమీటరుకు తక్కువ.

ఈ పనిలో ఒక సుళువుంది:
సగమే గీస్తే చాలు.
నడుమ ఒక అద్దం నిలబెట్టమంటే
మిగతా సగం దానంతటదే పుడుతుంది,
కుడి కిటికీకి ఎడమ కిటికీ, రివెట్టుకు రివెట్టు.

రెసిన్ తొట్టిలోంచి బండి
గబ్బిలంలా తలకిందులుగా పైకొచ్చింది
తేనె రంగు చుక్కలు కారుస్తూ.
మొదటిది అరటితొక్కలా వంగింది.
రెండోదానికి కప్పే రాలేదు.
మూడోదాన్ని స్పిరిటులో కడిగి, నీలి దీపం కింద గట్టిపరిచి,
ఊతపుల్లలు ఒక్కొక్కటే తుంచి,
నాలుగొందల నంబరు గరుకు కాగితం, ఆపైన ఎనిమిదొందలు,
ఆపైన నా బొటనవేలు.

ఆదివారం వ్లాస్తా హ్రూబా గారింటికి పట్టుకెళ్లాను.
ఇరవై రెండేళ్లు ఆ బండి నడిపిన మనిషి.
అరచేతిలో పెట్టుకుని కళ్లు మూసుకుంది.
ఎడమ పక్క, రెండో కిటికీ కింద వేలు పెట్టి
ముందుకి పోయింది, వెనక్కి వచ్చింది.
"నా బండి కాదిది. సొట్టేదీ?"

మంచు రోజున పాల లారీ జారొచ్చి ఆనుకుందట.
ఎవరికీ ఏమీ కాలేదు.
పాలు మాత్రం పట్టాల వెంట పారి గడ్డకట్టి
మర్నాటి షిఫ్టు దాకా తెల్లగా పడుకున్నాయట.
వర్క్‌షాపు వాళ్లు సుత్తితో కొట్టారు, పుట్టీ పెట్టారు, రంగేశారు.
ప్రతి చలికాలం అది మళ్లీ పైకి తేలేది.
"తెల్లవారుజామున డిపోలో దీపాలుండేవి కావు.
వరసలో అన్నీ ఒక్కలాంటి బండ్లే.
దాన్ని తడిమి ఎక్కేదాన్ని."

ఎంత ఉండేదంటే చెయ్యి చాచి జానపెట్టింది.
స్కేలు పెట్టి కొలిచాను. ఇరవై సెంటీమీటర్లు.
"అప్పుడు నా వేళ్లింత వంకర కాదు,
ఇంకొకటి కలుపుకో."

ఆ రాత్రి సొట్ట గీశాను.
రెండు పక్కలా పడింది.
అద్దానికేం తెలుసు
లారీ ఒక్కటేనని.

అద్దం తీసేశాను. ఎడమ సగం మాయమైంది.
కుడిదాన్ని నకలు తీసి అతికించే దారి ఒకటుంది,
ఎందుకో అటు పోలేదు.
మూడు వారాలు పట్టింది.
ఎడమ కిటికీలు వెంట్రుకవాసి ఎత్తులో వచ్చాయి,
దిద్దబోయి ఊరుకున్నాను.
సొట్ట లోతు మిల్లీమీటరులో మూడో వంతు.
రంగు వేశాక కంటికి ఆనదు, గోటికే దొరుకుతుంది.

ఆమె వేలికి దొరికింది.
ఏమీ అనలేదు.
బండిని బల్ల మీద పెట్టి ఒక్క వేలితో తోసింది,
చక్కెర డబ్బా దగ్గర మలుపులో
నోటితో బ్రేకు కీచుమనిపించి
ఎవరో దిగడానికన్నట్టు కాసేపు ఆపింది.
టీ చల్లారిపోయింది.

సోమవారం ల్యాబుకి ఒక దవడ వచ్చింది.
కింద ఎడమ దంతం లేదు.
కుడిదానికి అద్దం పట్టమంది ప్రోగ్రాము,
ఒక్క నొక్కు.
డాక్టరుకి ఫోన్ చేశాను:
ఈయన ఎటువైపు నములుతాడో
కాస్త కనుక్కుని చెప్పండి.