కరెంటును బట్టి

ధన్వాడ జెడ్పీ బడి, ఏడో తరగతి.
నలభై ఒక్క మంది, ముప్పై ఎనిమిది పెన్నులు.
నేను పంచిన కాగితంలో ప్రతి వాక్యం పక్కన అయిదు గడులు,
ఎప్పుడూ కాదు నుంచి ఎల్లప్పుడూ దాకా.
పరీక్ష కాదు, మార్కులుండవు అన్నాను.
అయినా మోచేతులు అడ్డం పెట్టుకునే రాస్తున్నారు.

మూడో ప్రశ్న దగ్గర తరగతి ఆగిపోయింది.
"మేడం, ఆందోళన అంటే రోడ్డు మీద కూసునుడా?"
మొన్న బస్సు బంద్ పెట్టారని వీళ్ల ఊరు చేసిందట.
అది కాదు, లోపల, అని
గుండె మీద చెయ్యేసుకుని నేను మాట వెతుక్కుంటుంటే
వెనక బెంచీ నుంచి ఉశేనమ్మ:
"బుగులా మేడం?"

బుగులే.
ముగ్గురు ప్రొఫెసర్లు సరిచూసిన అనువాదంలో ఆ మాట లేదు.
రంది లేదు. యాష్ట లేదు.
నిమ్మలం ఉండాల్సిన చోట ప్రశాంతత ఉంది,
ఇస్త్రీ చేసిన చొక్కాలాగా.

"కోపం వస్తే ఇతరులను కొడతాను."
కుర్మేష్ ఎప్పుడూ కాదు మీద టిక్కు పెట్టి
తొంగిచూసిన పక్కోణ్ణి
స్కేలుతో ఒక్కటేశాడు.
నా కళ్లముందు రెండు సాక్ష్యాలు.
కాగితాన్నే నమ్మాలని నియమం.

పదిహేడు:
"ఏడుపు వచ్చినప్పుడు నన్ను నేను అదుపు చేసుకోగలను."
భీమేశ్వరి టిక్కు గడిలో లేదు,
రెండు గడుల నడుమ గీత మీద కూర్చుంది.
ఏదో ఒకటే పెట్టాలె బిడ్డా.
"కరెంటును బట్టి మేడం."
నాకు అర్థం కాలేదు.
"మా చేన్ల బోరు మోటరుంటది.
అది నడిచినంతసేపు ఏడుస్త, ఎవలకూ ఇనరాదు.
కరెంటు పోతే బంద్ చేస్త.
మల్ల వస్తే, యాదికుంటే, ఏడుస్త.
ఒక్కోపారి వచ్చేసరికి మర్సిపోత."
మర్చిపోవడం దగ్గర నవ్వింది.
ఎందుకేడుస్తావని అడగడానికి
నా అనుమతి పత్రంలో చోటు లేదు. అడగలేదు.
"అయితే అప్పుడప్పుడు అని పెడ్త తియ్యి,"
నా మొహం చూసి తనే తేల్చేసింది.

మరికల్ క్రాసురోడ్డులో బస్సు కోసం నిలబడ్డాను.
చేతిసంచిలో నలభై ఒక్క కాగితాలు,
ఒకదాని మీద చింతకాయ తిన్న బొటనవేలు.
రోడ్డుకు రెండు దిక్కులా వరి మళ్లు, మోటర్ల మోత.
పదకొండేళ్లుగా ఈ దారిలో వింటున్నదే.
ఇవాళ దాని అడుగున ఇంకేదైనా ఉందా అని
చెవి పెట్టాను.
అంతలో బస్సొచ్చింది, అదీ ఒక మోతే.

ఆదివారం కంప్యూటరు ముందు.
అడ్డం ఇరవై ఆరు, నిలువు పదిహేడు: 3.
తీసుకుంది.
చెరిపి, కరెంటును బట్టి అని కొట్టాను.
అంకెలు మాత్రమే, అని ఎర్రగా అంది.
మళ్లీ 3.

ఇల్లంతా నిద్రలో ఉంది.
వంటింట్లోకి వెళ్లి తలుపు దగ్గరికి వేసి
మిక్సీ ఆన్ చేశాను.
గిన్నెలో ఏమీ వేయలేదు.