జడుపు

హొనొలులు బస్సు దిగి, టికెట్ల వరసలో నిలబడి
అందరిలాగే వచ్చాడు తాత.
అద్దె మాస్కు ముక్కు దగ్గర బిగుతైంది.
"పగడాల మీద కాలు మోపొద్దు"
గేటు దగ్గర వీడియోలో విన్నదే
మళ్లీ చెప్పాను, మెడలో ఈల పట్టుకుని.
వినీ విననట్టు దిగాడు.

ఈ ఒడ్డుకు చట్టం రాకముందు
కపోనో ఈటె గురి తప్పదనేవారట.

నడుంలోతు నీళ్లలో బోర్లా తేలుతున్నాడు.
పగడాన్ని కరకర కొరుక్కుంటూ
ఒక చిలుకచేప మోచేతి కిందికే వచ్చింది.
కుడి పిడికిలి దానంతటదే బిగిసింది
లేని కర్ర చుట్టూ.

ఎవరో రాయెక్కి నిలబడితే ఈల ఊది
తిరిగి చూసేసరికి
ఒడ్డున కూర్చుని
మాస్కులో నీళ్లు ఒంపుతున్నాడు.

"ఎలా ఉన్నాయి తాతా?"

"ఒక్కటీ జడుసుకోలేదే" అన్నాడు,
నామీద ఫిర్యాదు చేస్తున్నట్టు.