గడి

శుక్రవారంలోగా నింపాలట.
"ఈ కోర్సు ముగిసేసరికి విద్యార్థి ఏం చేయగలడు?"
గడి చిన్నది. రెండు వాక్యాలు దాటితే
కంప్యూటరు ఎర్రబడుతుంది.

మొన్న, ప్రవాహాల పాఠం.
బోర్డు మీద నేను గీసిన బాణం ఉత్తరానికి చూస్తోంది.
చివరి బెంచీలోంచి మైలపల్లి ఎల్లాజీ:
"ఈ వారం నీరు అటు లాగట్లేదండి, మేష్టారూ."

క్లాసు నవ్వింది.
నేనూ నవ్వబోయాను, ముప్ఫై ఏళ్ల అలవాటు.
"ఎవరు చెప్పారు?"
"మా నాయిన వల."

మార్కులు లేవన్నా పన్నెండు మంది కొండ దిగారు.
పెదజాలారిపేట ఒడ్డున తెప్ప అడిగి
అలలు విరిగే చోటు దాటి
గోళ్ల రంగుతో అంకెలేసిన కొబ్బరిబొండాలు వదిలాం.
ఏడు దక్షిణానికి పోయాయి.
రెండు ఉత్తరానికి.
మూడు తిరిగొచ్చి మా కాళ్లకే తగిలాయి.
పదకొండో నంబరును ఒక కుక్క ఎత్తుకుపోబోయింది.

బాణం తప్పా, వల తప్పా, తేలలేదు.
ఎల్లాజీ గెలిచినట్టు నవ్వలేదు.
ఆ రాత్రి వాళ్ల నాన్ననే నిలదీశాడట:
ఎన్ని బారల లోతులో? ఏ పోటుకి? నీకెలా తెలుసు?
"చదివిస్తే నన్నే అడుగుతున్నాడు సూడు"
అని ఆయన విసుక్కున్నాడట,
విసుక్కుంటూనే చెప్పాడట, వేకువదాకా.

గడిలో
"విశ్లేషణా సామర్థ్యం పెంపొందును" అని కొట్టి పంపేశాను.
కంప్యూటరు పచ్చబడింది.

బోర్డు మీద బాణం సగం చెరిగి ఉంది.
పక్కన ఎవరో ప్రశ్నార్థకం పెట్టారు, నా చేతిరాత కాదు.
తుడవొద్దని
సింహాచలానికి చెప్పి వచ్చాను.