డబ్బా మూత

డులూత్‌లో సరస్సు ఇంకా గడ్డకట్టే ఉంది.
ఐలా లహ్తినెన్ మా పెన్షన్ ఆఫీసు బల్ల మీద
పోయిన భర్త లంచ్ డబ్బా తెరిచి పెట్టింది.
మూత లోపల పెన్సిలు గీతలు,
గీతకో పనిదినం.

గంటకు ఏడు డాలర్ల ముప్పై సెంట్లు
యజమాని కట్టాలని ఒప్పందం.
ఆ సెంట్ల కోసం ఓ ఏడు
జీతం పెంపే వదులుకున్నారు ఇనప్పనివాళ్ళు.

కంపెనీ పంపిన కాగితంలో అక్టోబరే లేదు.
మూతలో ఉంది. ఒకచోట తుప్పు తినేస్తే
వేలితో తడిమి చెప్పింది.

ఇరవై రెండు ఎనిమిదులు
నూట డెబ్బయ్యారు, అన్నాను.

"కాదు. చివరిది పొట్టిగీత, చూడు.
ఆ రోజు మంచువాన, మధ్యాహ్నమే వచ్చేశాడు.
నాలుగే రాయి."

నూట డెబ్బయ్రెండు.
కంపెనీకి నోటీసు టైపు చేస్తున్నాను.
డబ్బా మూత సరిగా పడలేదు,
రెండోసారి నొక్కింది.