ఈడ నవ్వినా

చర్చి వీధిలో కుప్పుసామి పాత పుస్తకాల అంగట్లో
గొంతుక్కూచుని అడిగినా:
"నవ్వొచ్చే నవల కావాలన్నా.
కానీ అందులో ఎవురైనా సచ్చిపోయుండాల.
హీరోయిన్ మాత్రం మంచిది కాకూడదు."

ఆయన కళ్ళద్దాలు నెత్తిమీదికి తోసి
ఎగాదిగా చూసినాడు,
కిలో మామిడికాయలడిగి
పురుగులుండేవే ఏరియ్యమన్నట్టు.

"మంచిది కాకపోతే చెడ్డదా మే?"
"చెడ్డదీ కాదన్నా.
చెడ్డదైతే ఆఖర్లో మారిపోతాది,
ఎవురి కాళ్ళమీదో పడి ఏడస్తాది.
అట్లా ఏడ్చినోళ్ళని నలభైమందిని చదివినా.
మారని మనిషి కావాల."

ఒకటి తీసిచ్చె. అట్టమీద చెంబు పట్టుకున్న పడుచు.
వద్దన్నా.
ఇంకొకటి. తులసికోట చుట్టూ తిరగతా ఉండాది.
వద్దన్నా.
మూడోదాంట్లో ఆమెకి క్షయ,
పాపం దగ్గేదానికే మూడొందల పేజీలు పట్టె.

జూన్ నెల. గుజ్జు ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ నాది.
గేటు బయట తోతాపురి లారీలు క్యూ కట్టి
రోడ్డంతా తియ్యగా కుళ్ళతా ఉంటాది.
డబ్బాలు లెక్కపెట్టాల, ఉబ్బినవి పక్కనెయ్యాల.
ఉబ్బిందంటే
లోపల ఏదో బతికుందని.
సూపర్వైజరు దాన్ని లోపం అంటాడు.
ఎవురూ లేనప్పుడు నేను చెవికి ఆనించుకుంటా.

మా పెద్దమ్మ పోయిన పొద్దు
పాడె కట్టేటోడు తాడు చాలక
దండెంమీది ఆమె లంగా నాడా లాగి ముడేసినాడు.
బతికినన్నాళ్ళూ దాన్ని ఎవురి కంటా పడనీలేదు ఆమె.
అందరూ ఏడస్తా ఉంటే నాకు నవ్వొచ్చె.
కొంగు నోట్లో కుక్కుకున్నా, భుజాలు ఆగలా.
"ఎంత కుమిలిపోతా ఉందో చూడండి" అనిరి.
అప్పట్నుంచి వెతకతా ఉండా
నా మాదిరి ఇంకొకతిని,
అచ్చులోనైనా.

అడుగున, చెదలు మేసిన కట్టలో దొరికె.
ముందట్ట లేదు. పేరు లేదు. మొదటి పదకొండు పేజీలు లేవు.
పన్నెండో పేజీకే మొగుడు పోయున్నాడు,
ఆమె ఆయన కట్టుడుపండ్లు కడిగి ఆరబెట్టి
వెల ఎంతొస్తాదని వీధిలో విచారిస్తా ఉండాది.
"ఇరవై" అన్నాడు కుప్పుసామి.
"సగం చెదలు తినె గదా, పదికియ్యి."

నడిరేతిరి బ్రేకులో
ఒక చేత సంగటి ముద్ద, ఒక చేత ఆమె.
నలభైరెండో పేజీ అంచున పెన్సిలు రాత:
"ఈడ నవ్వినా. పక్కగదిలో ఆయన పెద్దకర్మ."
కింద సంతకం. ఎం. ధనకోటి, గ్రీమ్స్‌పేట.

ముద్ద గొంతులో నిలిచిపోయె.

అరవయ్యో పేజీలో:
"దీనికి ధైర్యం చాలదు. నేనయితే ఉంగరం కూడా అమ్ముదును."
డెబ్భయ్యొకటిలో:
"పాలు లీటరున్నర. మరిది వచ్చె, మళ్ళీ ఇంటి మాట.
కాఫీలో ఉప్పేసినా. తాగి, బాగుండాదనె."
నూటపదిలో, గట్టిగా నొక్కి:
"రాసినోడు ఈమెని మార్చేదానికి చూస్తా ఉండాడు. జాగ్రత్త."

ఆఖరి పేజీ లేదు.
చెదలు కాదు, స్కేలు పెట్టి చించిన చింపు.
వెనకట్ట లోపల:
"ఏడిపించినాడు. అందుకే చించేసినా.
ఆమె బాగుండాది."

గ్రీమ్స్‌పేట మా ఫ్యాక్టరీ బస్సు దారిలోనే.
రోజూ కిటికీలోంచి చూస్తా, దిగను.
తలుపు తట్టితే
ఆమె మంచిది అయ్యుంటాదేమోనని భయం.

ఆదివారం మళ్ళీ కుప్పుసామి అంగడి.
"అట్టాంటిదే ఇంకొకటి కావాలన్నా."
"ఎట్టాంటిది మే? నవ్వొచ్చేదా, సచ్చిపోయేదా?"
"చించింది."