ఎడమ చెయ్యి

కారం సబ్బుకి పోదు.
యార్డులో పగలంతా తొడాలు తీసిన చేతికి
ముందు కొబ్బరినూనె, తర్వాత పుల్లమజ్జిగ,
అప్పుడు సబ్బు, మళ్ళీ నూనె.
అయినా గోరు మూలల్లో కాస్త దాక్కునే ఉంటుంది.
అందుకే కాన్పు గదిలో
ఏ పిల్ల మొహాన్నీ నేను అరచేత్తో తుడవను.
మణికట్టుతో తుడుస్తాను.

తొమ్మిదింపావుకి ఫోను,
సంగడిగుంట నుంచి సువార్త వాళ్ళాయన.
"ఖాసింబీ అత్తా, ఉమ్మనీరు పోయింది."
వాళ్ళ ఆటో కంటే ముందే పెద్దాసుపత్రి మెట్ల మీదున్నాను.
సంచిలో తువ్వాలు, ఫ్లాస్కులో జీలకర్ర నీళ్ళు,
నడుం రుద్దడానికి టెన్నిస్ బంతి.
బంతి మా చిన్నాడిది. వాడికి చెప్పలేదు.

గేటు దగ్గరి అబ్బాయి ప్రతిసారీ కొత్తగా అడుగుతాడు:
నర్సువా? ఆయావా? చుట్టానివా?
శిక్షణ ఇచ్చిన మేడం డౌలా అని ఒక పేరు చెప్పింది.
వాడికి డోలు అని వినపడి నవ్వాడు.
కార్డుంది చూస్కో, అన్నాను.

మా అమ్మమ్మ మంత్రసాని.
మంత్రసానితనానికి ఒప్పుకున్నాక
ఏదొచ్చినా పట్టాలి, అనేది.
నేను పట్టేదాన్ని కాదు,
పట్టుకుని ఉండేదాన్ని.
బొడ్డు కొయ్యను, సూది ముట్టను.
ఎంత తెరుచుకుందో డాక్టరమ్మ చెబుతుంది.
నేను చెప్పేది తక్కువ:
ఇదిగో దిగుతోంది, చూడు, దిగింది.
ఇంకోటి వచ్చేలోపు రెండు గుక్కలు తాగు.

పన్నెండున్నరకి సువార్త అరిచింది.
బల్ల అవతల నుంచి ఎవరో
ఆ మాట అన్నారు. మీరు విన్నదే.
"అప్పుడు తెలీలేదా?"

ఇరవై మూడేళ్ళ కిందట ఇదే గదిలో
(కిటికీలకి అప్పుడు ఆకుపచ్చ రంగు)
నన్నూ అన్నారు.
నోరు మూసుకున్నాను.
మూసుకున్న నోటితోనే కన్నాను.
వాడు ఏడవలేదు.
ఆ రాత్రి మేమిద్దరం చప్పుడు చెయ్యలేదు.

సువార్త చెవిలో అన్నాను:
అరిచెయ్ తల్లీ, కొత్తపేట దాకా వినపడనీ,
గొంతుకి ఇక్కడ బిల్లు లేదు.
నర్సు నా వంక చూసింది.
నేను బంతి వంక చూశాను.

రెండింటికి నొప్పులు మందగించాయి.
లేపి నడిపించాను, వార్డు ఆ చివరిదాకా, మళ్ళీ ఈ చివరికి,
కింద పడుకున్న తోడువాళ్ళ కాళ్ళు దాటుకుంటూ.
ఎడం చేత్తో ఏదీ ఇవ్వకూడదంటారు.
నేను ఎడమ చెయ్యే ఇస్తాను.
కుడిది పొద్దున్నే తొడాలకి కావాలి,
కిలోకింత అని కూలి,
వాచిన వేళ్ళకి కిలో తెగదు.
ఆ పిల్ల దాన్ని పట్టుకుంది,
పేట బస్సులో ఫుట్‌బోర్డు మీద నిలబడి
కమ్మీ పట్టుకున్నట్టు.

ఒక నొప్పికీ ఇంకోదానికీ మధ్య అడిగింది:
నీకెంతమంది పిల్లలు అత్తా?
ఇద్దరు, అన్నాను.
బంతి ఇంకో నాలుగు చుట్లు తిప్పాక
ముగ్గురు, అన్నాను.
ఎందుకు మారిందని అడగలేదు.
వేళ్ళు ఇంకాస్త బిగించింది, అంతే.

నాలుగూ పదికి ఆడపిల్ల,
రెండు కిలోల తొమ్మిది వందలు.
ఏం గొంతమ్మా అది!
నేను గోడకి ఆనుకోవాల్సొచ్చింది.
అందరూ బిడ్డ వైపు తిరిగారు, తిరగాలి కూడా.
నేను తల్లి దగ్గరే ఉన్నాను,
వణికే మోకాళ్ళ మీదికి దుప్పటి లాగుతూ.

వరండాలో వాళ్ళ మేనత్త
నన్ను ఆయా అనుకుని యాభై నోటు మడిచి పెట్టింది.
వద్దంటే వినదు, బొడ్లో దోపబోయింది.
టీ తాగించు చాలు, అన్నాను.
అల్లం మరీ ఎక్కువేశాడు.

ఆరింటికి యార్డు.
తేజ కాయ, కొత్త సరుకు,
టిక్కీ విప్పగానే అందరం ఒకేసారి తుమ్మాం.
మొదటి గుప్పెడు తీశానో లేదో
ఎడమ చెయ్యి భగ్గుమంది.
తిప్పి చూస్తే గోళ్ళ గాట్లు,
కారం దూరి ఎర్రగా ఉబ్బిన
నాలుగు నెలవంకలు.
మాకు పండక్కి ఒక్కటి చాలు.

మజ్జిగ రాయవే, అంది పక్కన నాగరత్తమ్మ.
రాస్తాలే, అన్నాను.
అన్నం వేళ దాకా
రాయలేదు.